కోస్తేనే వైద్యం, అధ్యక్షా!

అధ్యక్షా, మాది ఆత్రేయపురం. ఊరి పేరు వినగానే తమకు నోరూరి ఉంటుంది, తప్పులేదు. మా ఊరి పూతరేకుల పెట్టెలు వెలగపూడి అసెంబ్లీ దాకా రావడం కొత్త కాదు. బదిలీ కావాల్సినవాడు ఒక పెట్టె, బిల్లు రావాల్సిన కాంట్రాక్టరు నాలుగు పెట్టెలు, టిక్కెట్టు ఆశించినవాడు కారు డిక్కీ నిండా పట్టుకొస్తారు. నేతివి, బెల్లంవి, జీడిపప్పువి, సుగరున్న సభ్యులకు విడిగా సుగర్‌ఫ్రీవి. ఇన్నేళ్లు తిన్న రేకుల మొహం చూసైనా కాసేపు మైకు కట్ చేయకుండా వినండి.

మా వీధిలో రేకులు తీసే అమ్మాయి ఒకత్తి ఉంది. బోర్లించిన కుండ, కింద కొబ్బరి మట్టల మంట. పల్చగా జారే బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని, కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. రెప్పపాటులో రేకు. కూలి వందల లెక్కన, ఎన్ని వందల రేకులు తీస్తే అంత. ఆమె కొడుక్కి ఐదేళ్లు. మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. పక్కింటి గ్రైండరు మోగితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు. అదే పిల్లాడు వాళ్లమ్మ పక్కన కూర్చుని, ఊదితే ఎగిరిపోయే రేకుల్ని ఒక్కొక్కటిగా ఎత్తి, అంచు చిరక్కుండా ఇంకో దొంతరగా పేరుస్తాడు. ఆ పని నావల్ల కాదు. తమవల్లా కాదు, పందెం.

వాడికి మాట రాలేదంటే మొదట ఊళ్లో ఎవరూ కంగారు పడలేదు. "మా ఆయనకీ ఆరో ఏడు దాకా రాలేదు, వచ్చాక ఆపలేకపోయాం" అంది నాయనమ్మ. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు తిరిగారు. ఆ తర్వాత ఎవరో చెబితే రాజమండ్రి తీసుకెళ్లారు. డాక్టరు గారు చూసి ఆటిజం అన్నారు. మందు లేదు, ఆపరేషన్ లేదు, భయపడకండి, నేర్పిస్తే నేర్చుకుంటాడు అన్నారు. వారానికి మూడు సిటింగులు, సిటింగుకి 500. వాటిలో స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ. ఇంటి దగ్గర తల్లి రోజూ చేయించాల్సింది వేరే. ఎంత చిన్నప్పుడు మొదలెడితే అంత మేలన్నారు.

"కార్డుంది కదండీ" అంది ఆ అమ్మాయి ధైర్యంగా. ధైర్యం ఎందుకుండదు అధ్యక్షా? పాతిక లక్షల ఆరోగ్య కార్డని తమరే చెప్పారు. టీవీలో చెప్పారు, ఫ్లెక్సీ మీద చెప్పారు.

ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చున్న కుర్రాణ్ని ఆరోగ్యమిత్ర అందామా, వైద్యమిత్ర అందామా? ప్రభుత్వం మారినప్పుడల్లా ఆయన పేరూ మారుతుంది. మంచివాడే. కార్డు తిప్పి చూశాడు.

"ఏం ఆపరేషనండి?"

"ఆపరేషన్ కాదండి. మాటలు నేర్పాలంట."

"అడ్మిషన్ ఎన్నిరోజులు?"

"లేదండి. గంటసేపు కూర్చోబెట్టి పంపేస్తారంట."

"కోడ్ రాదండి."

"ఏం చేస్తే వస్తదండి?"

కుర్రాడు కంప్యూటరు వంక చూశాడు, పిల్లాడి వంక చూశాడు. కోయడానికి వాడిలో ఏమీ కనపడలేదు పాపం.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి, తమరందరికీ దాంట్లో వాటా ఉంది. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హయాంలో ఆరోగ్యశ్రీ పుట్టింది. పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కి గుండె ఆపరేషన్ చేయించుకుని నడిచి వచ్చాడు. అది చిన్న సంగతి కాదు, కాదన్నవాడి కళ్లు పోతాయి. 2014 తర్వాత అది ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019 తర్వాత డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్లీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2023 డిసెంబరులో హద్దు 25 లక్షలకు ఎక్కింది. 2025 సెప్టెంబరులో క్యాబినెట్ కూర్చుని, రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన పాతిక లక్షల దాకా పథకాన్ని నడిపే ట్రస్టు అని పద్దు కొత్తగా విడదీసింది. జాబితాలో చికిత్సలు 3,257. బోర్డు రాసే పెయింటరుకి ఇన్నేళ్లలో దొరికినంత పని మా రేకుల అమ్మాయికి దొరికి ఉంటే, సిటింగు డబ్బు ఆమే కట్టుకునేది.

పాతిక లక్షల కార్డు మాకు పెళ్లివారింటి గుండిగ లాంటిది. ఊరందరికీ వండొచ్చు, చంటివాడికి ఉగ్గు కాచుకుంటామంటే అటక మీంచి దించరు. మా లెక్క వినండి. సిటింగుకి 500, వారానికి 3, ఏడాదికి 52 వారాలు. 78,000. తమరు ఒక కుటుంబానికి ఒక ఏడాదికి ఇస్తామన్న 25 లక్షలను దీంతో భాగిస్తే 32 ఏళ్లు వస్తుంది. అంటే ఒక్క ఏడాది హద్దుతో ఈ పిల్లాడికి మీసాలొచ్చి, పెళ్లయి, వాడి పిల్లలు బడికెళ్లే దాకా మాటలు నేర్పొచ్చు. అంతా అడగడం లేదు. మొదటి ముద్ద అడుగుతున్నాం.

ట్రస్టు వారికి సిటింగుల లెక్క కట్టడం రాదేమో అనుకునేరు. వచ్చు, బ్రహ్మాండంగా వచ్చు. పుట్టుచెవుడు పిల్లలకు ఇదే పథకంలో కాక్లియర్ ఇంప్లాంట్ చేస్తారు. ఆపరేషన్ అయ్యాక యంత్రం ఆన్ చేయడానికీ, ఆపైన ఆ పిల్లకు విని పలకడం నేర్పే థెరపీకీ ప్యాకేజీలో చోటుంది. చూశారా? పక్కన కూర్చుని మాట నేర్పించడం వైద్యమేనని ట్రస్టు ఏనాడో ఒప్పుకుంది. కాకపోతే ముందు చెవి వెనకాల కోసి ఒక యంత్రం పెట్టాలి. మావాడి చెవులు బంగారంలా ఉన్నాయి, అదే వాడు చేసుకున్న పాపం.

ఢిల్లీ వారి ఆయుష్మాన్ భారత్ మాత్రం వేరే దారిన పోయిందా? 2018లో వచ్చింది, 5 లక్షలు ఇస్తుంది, ఆసుపత్రిలో చేరితేనే ఇస్తుంది. దేశం మొత్తం మీద ఆరోగ్యమంటే మంచం నంబరే.

మంచం మీద అంత మక్కువ ఎందుకో మాకు తెలుసు లెండి. మంచం దగ్గర ఫోటో వస్తుంది. ఆపరేషన్ అయిన మనిషికి పండ్ల బుట్ట ఇవ్వొచ్చు. సీఎం సహాయనిధి చెక్కు ఎమ్మెల్యే గారి చేతుల మీదుగా అందించి, ముగ్గురు కెమెరా వైపు చూడొచ్చు. మావాడితో ఫోటో దిగడం కష్టం. కెమెరా వైపు చూడడు, చెక్కు అంచు పట్టుకోమంటే దాన్ని రేకనుకుని జాగ్రత్తగా తీసుకెళ్లి దొంతర మీద పెడతాడు. రెండేళ్లు నేర్పాక "అమ్మా, నీళ్లు" అంటాడు. ఆ నీళ్లకి ఏ మంత్రి గారు రిబ్బన్ కత్తిరిస్తారు?

ఇక చట్టం. చట్టం లేదనుకుంటే పొరపాటు, చట్టం మాత్రం ముచ్చటగా ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టం దాన్ని గుర్తించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 7 నుంచి 21కి పెంచి, అందులో ఆటిజాన్ని చేర్చింది. ఆ చట్టం 25వ సెక్షన్ ఏమంటుందో తెలుసా? కుటుంబ ఆదాయానికి లోబడి, ముఖ్యంగా పల్లెల్లో, చేరువలో ఉచిత వైద్యం అందించాలంటుంది. ఏడాదికి కనీసం ఒక్కసారి పిల్లలందరినీ పరీక్షించి, ముప్పున్నవాళ్లను గుర్తించాలంటుంది. 24వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, వేరే ఏ సర్కారీ బీమా లేని దివ్యాంగులకు సమగ్ర బీమా పథకం పెట్టాలంటుంది. పెట్టాలి, కానీ ప్రభుత్వ ఆర్థిక స్థోమతకు లోబడి పెట్టాలి. ఆ ఒక్క ముక్క రాసిన మహానుభావుడెవరో గానీ మా గోదావరి జిల్లాల్లో పుట్టి ఉండాలి. భోజనానికి రమ్మంటూనే "మీరు తినేసే వచ్చుంటార్లెండి" అనడం మాకే సాధ్యం.

చేరువ అన్నారు కదా. ఆత్రేయపురంలో బస్సెక్కి, బొబ్బర్లంక మీదుగా, బ్యారేజీ దాటి, ధవళేశ్వరం దిగి రాజమండ్రి చేరాలి. పిల్లాడికి బస్సు హారన్ పడదు. బ్యారేజీ మీద లారీ హారన్ కొట్టిందంటే అప్పటిదాకా నేర్చుకున్నది గోదాట్లో కలిసినట్టే. గంట సిటింగుకి పూట పోతుంది, పూట పోతే ఆ పూట రేకులు పోతాయి. మూడు సిటింగులు వారానికి ఒకటయ్యాయి. ఆ ఒకటీ తర్వాత రెండు వారాలకొకటి అయింది. "ఇంటి దగ్గర చేయించడం లేదామ్మా?" అని థెరపిస్టు అడిగితే, "ఆయ్, చేయిస్తున్నానండి" అంది. కుండ దగ్గర చేతులు కాలుతుంటే ఎప్పుడు చేయిస్తుంది?

పోనీ ప్రభుత్వం మా గుమ్మంలోకి రాలేదా అంటే, అదీ వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి చూడాలి. వెతకాల్సిన ముప్ఫై రకాల సమస్యల్లో ఆటిజం ఉంది. కాగితం మీద ఇంత చక్కని పథకం ఇంకోటి లేదు. పిల్లల్ని కనిపెట్టే ఏర్పాటు చేశారు. కనిపెట్టాక నేర్పించే చోటు మాత్రం మా ఊళ్లో ఇంకా కనిపెట్టలేదు. పై ఆసుపత్రికి వెళ్లమని చీటీ రాస్తారు. చీటీ పట్టుకుని వెళ్తే కోడ్ రాదంటారు.

ఎంతమంది పిల్లలున్నారంటే సర్కారు గొంతు సవరించుకుంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఆటిజానికి గడి లేదు. 'ఇతరాలు' అనే గడిలో పడితే పడినట్టు. 2018లో హైదరాబాద్‌తో కలిపి దేశంలో ఐదు చోట్ల చేసిన ఒక పెద్ద అధ్యయనం బయటికొచ్చింది. వినికిడి, చూపు, మూర్ఛ, ఆటిజం వగైరా ఎదుగుదల ఇబ్బందుల్లో ఏదో ఒకటి ఉన్న పిల్లలు పదిమందిలో ఒకరన్నట్టు తేలింది. అందరిదీ ఆటిజం కాదు. అయినా ఒక్కో అంగన్‌వాడీకి ఇద్దరు ముగ్గురు తగులుతారు. 2023లో మా పూతరేకుకు భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషం. ఫలానా నేల, ఫలానా నీళ్లు, ఫలానా కుండ అని రుజువులు చూపించి సాధించారు. రేకుకు గుర్తింపొచ్చిన ఆ ఇంట్లోనే పిల్లాడి వైకల్య సర్టిఫికెట్టుకి, అదే సదరానికి, స్లాటు కోసం ఊరి సచివాలయం చుట్టూ తిరుగుతున్నారు.

సదరం కథ కూడా వినాలి. ఆటిజాన్ని కొలిచే భారతీయ కొలమానాన్ని తయారుచేసింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, మొత్తం 200. 70 వస్తే ఆటిజం ఉన్నట్టు, 153 దాటితే తీవ్రం. కళ్లలోకి చూస్తాడా, తన వంతు దాకా ఆగుతాడా, అన్నమాటే మళ్లీ మళ్లీ అంటాడా అని అడుగుతారు. రాజమండ్రిలో మా స్నేహితుడొకాయన ఈ నలభై ప్రశ్నలూ అసెంబ్లీకి వేసి చూద్దామన్నాడు. వద్దని దణ్ణం పెట్టాను. పిల్లలకు అవమానం. పిల్లాడు విన్నమాటే పదిసార్లు అంటున్నాడంటే మాట నేర్చుకునే దారి వెతుక్కుంటున్నాడు. సభ్యుడు అదే పని చేస్తే దాన్ని గవర్నర్ ప్రసంగానికి ధన్యవాద తీర్మానం అంటారు.

సర్టిఫికెట్టు మీద 40 శాతం వస్తే పింఛను వస్తుంది. 2024లో దాన్ని 6,000 చేశారు, చేసినవాళ్లకు నమస్కారం. ఆ డబ్బుతోనే చాలామంది తల్లులు సిటింగులు నడిపిస్తున్నారు. 2025లో అనుమానం వచ్చి దివ్యాంగుల పింఛన్లు మళ్లీ పరీక్షించారు. ఆగస్టులో నోటీసులు వెళ్లాయి, గోల రేగింది, అప్పీలు పెట్టుకున్నవాళ్లకు ఆపబోమన్నారు. దొంగ సర్టిఫికెట్లు ఏరేయండి, మేం అడ్డం రాం. కానీ ఇక్కడి చమత్కారం గమనించండి. నేర్పించడానికి డబ్బివ్వరు. తల్లి తంటాలు పడి నేర్పించి వాడు నాలుగు మాటలు అన్నాడంటే శాతం తగ్గి పింఛను ఎగిరిపోతుందేమోనని బెంగ. "సదరం క్యాంపులో మాట్లాడకురా నాన్నా" అని మాట రాని కొడుకును బతిమాలుకునే స్థితి ఏ విధానకర్త ఊహించి ఉంటాడు?

ఆ క్యాంపుకి ఎక్కడికి వెళ్లాలంటారా? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. మా పిల్లాడి డాక్టరు తూర్పుగోదావరిలో మిగిలాడు, మా కాగితాలు కోనసీమకు, అమలాపురం కలెక్టరేటుకు పోయాయి. వైద్యం ఒడ్డున, అర్జీ లంకలో.

ఇలా సర్కారు ఖాళీ చేసిన చోట వ్యాపారం దుకాణం తెరుస్తుంది. మూలకణాలు ఎక్కించి ఆటిజం నయం చేస్తామనే ప్రకటనలు ఫోన్లోకి వస్తాయి. ఆటిజానికి ఆ చికిత్స పనికిరాదని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లోనే చెప్పింది. అయినా అరెకరం కొబ్బరితోట తాకట్టు పెట్టడానికి సిద్ధపడే తండ్రి ఉంటాడు. ఎందుకంటే అక్కడొక ఆసుపత్రి ఉంది, మంచం ఉంది, సూది ఉంది. అసలు వైద్యమంటే అదేనని ఇన్నేళ్లుగా తమరే కదా నేర్పింది.

అమెరికా సంగతి ఎత్తకుండా మా కోనసీమలో ఏ కబురూ పూర్తికాదు. ఇంటికొక్కరు అక్కడే ఉన్నారు మరి. అక్కడా బీమా కంపెనీలు ఇదే పాట పాడాయి, ఇది వైద్యం కాదు చదువు, బడి చూసుకోవాలి అని. బడి ఇది చదువు కాదు వైద్యం అంది. 2001లో ఇండియానా రాష్ట్రం బీమా ఇవ్వాల్సిందేనని చట్టం చేసింది. 2007లో దక్షిణ కరోలినాలో లోరి ఉనంబ్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలు, ఆటిజం ఉన్న పిల్లాడి తల్లి, తానే బిల్లు రాసుకుని సభ్యుల గుమ్మాలెక్కింది. సభ పాస్ చేసింది. గవర్నర్ శాన్‌ఫర్డ్ వీటో చేశాడు. సభ్యులు ఆ వీటోను తోసిరాజన్నారు. 2019 నాటికి 50 రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో దారికొచ్చాయి. అదేం స్వర్గం కాదు. సొంత నిధితో నడిపే కంపెనీ బీమాలకు రాష్ట్ర చట్టం అంటదు, కొన్నిచోట్ల వయసు హద్దులు, డబ్బు హద్దులు పెట్టారు. కానీ అక్కడ సభ్యులు ఈ సంగతి మీద గొడవపడ్డారు. మనవాళ్లకు గొడవపడటం రాకనా? ప్రతిపక్ష నేతగా ఒకాయన 2021లో శపథం చేసి సభలోంచి వెళ్లిపోయాడు. ఇప్పుడు 175లో 11 మంది ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామని బయట ఉన్నారు. ఒకసారి వీళ్లు బయట, ఒకసారి వాళ్లు బయట. ఇద్దరూ లోపలున్న రోజు ఎవరి తాత పేరు పెట్టాలన్న చర్చ.

అన్నట్టు, తమ వైద్య ఖర్చులు మాత్రం తమరు మర్చిపోలేదు. సభ్యులకు, మాజీలకు, కుటుంబాలకు రీయింబర్స్‌మెంటు ఉంది. ఆదాయపన్ను కట్టేవాడికి ఇంట్లో ఆటిజం ఉన్నవాళ్లుంటే 75,000 మినహాయింపు ఉంది, పాత పద్ధతిలో కడితేనే. వంద రేకులకింత అని కూలి తీసుకునే మనిషి ఏ ఫారం నింపాలి? ఆమె కోసమే నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఉంది, లక్ష దాకా, థెరపీ కూడా కలిపి. కాకపోతే ముందు మనం ఖర్చుపెట్టి, బిల్లులు పంపి, తర్వాత తీసుకోవాలి. ముందు పెట్టేదేదో ఉంటే ఈ అర్జీ ఎందుకు?

కాబట్టి తమకు శ్రమ లేకుండా బిల్లు మేమే రాసి తెచ్చాం అధ్యక్షా. ఒక్క పేజీయే. ప్రతి మండలంలో, దివ్యాంగ పిల్లల భవిత కేంద్రం పంచనో, పీహెచ్‌సీ వెనక గదిలోనో, ఎక్కడైనా సరే, వారానికి రెండు రోజులు స్పీచ్ థెరపిస్టు, రెండు రోజులు ఆక్యుపేషనల్ థెరపిస్టు కూర్చోవాలి. మంగళ, శుక్రవారాలైతే మాకు కుదురుతుంది. పిల్లాడితో పాటు తల్లికీ నేర్పాలి, ఆ పూట కూలి ఆమెకు కట్టివ్వాలి. సిటింగుకొక కోడ్ పెట్టాలి, మంచం అడక్కూడదు. నాలుగు మాటలొచ్చాయని పింఛను కోయకూడదు.

పేరంటారా, తమ ఇష్టం. ఆ పేరు పెట్టండి, ఈ పేరు పెట్టండి, రెండూ పెట్టి ఐదేళ్లకోసారి పైది కిందికి, కిందిది పైకి మార్చుకోండి, పెయింటరు బతుకుతాడు. ప్రారంభోత్సవానికి రండి, పెట్టెలు సిద్ధంగా ఉంచుతాం, ఎవరెవరికి సుగరుందో పీఏ గారితో ఒక ముక్క చెప్పించండి. ఆ థెరపిస్టు జీతం మాత్రం నెలనెలా ఒకటో తారీఖున పడాలి అధ్యక్షా, నెట్‌వర్క్ ఆసుపత్రుల బకాయిల వరసలో పెట్టకండి.